అర్ధరూపాయి అద్దె తుపాకులు: మూసా రేమండ్ జీవితము

పూర్వపు కరీంనగరు జిల్లాలోని జగిత్యాల కోటను, ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల కోటను చూచినవారికి ఒక సంగతి స్ఫురింపక మానదు. ఆ కట్టడములు కాకతీయుల నాటి తీరువి కావు; కుతుబుషాహీల తీరువియును కావు. జగిత్యాల కోట నక్షత్రాకృతిలో నుండును. చుట్టును అగడ్త కలదు. ఎదుటివాని ఫిరంగిగుండు నేరుగా తగులకుండునట్లును, లోనివాని గుండు ఏ మూలను విడువకుండునట్లును గోడలను కోణములుగా మలచు ఈ విద్య ఐరోపా నుండి వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దిలో ఈ సీమ నేలిన జఫరుద్దౌలా, అనగా ధంసా అను పేర ప్రసిద్ధుడైన ఇబ్రహీం బేగు, ఫ్రెంచి శిల్పుల చేత ఈ కోటలను కట్టించెనని చెప్పుదురు. నిర్మలలో ఫిరంగులు పోతపోయు కార్ఖానా యుండెడిదనియు ప్రతీతి.

గోదావరికి ఇరుగడల ధంసా ఆరంభించిన ఈ ఫ్రెంచి సంపర్కము హైదరాబాదు రాజధానిలో ఒక మహావృక్షమై, పండ్రెండు పదుమూడేండ్లలో ఎదిగి, ఒక్క ఉదయమున కూలిపోయినది. ఆ వృక్షమును నాటినవాడు మిషెల్ జోకిం మరీ రేమండ్. తెలంగాణ ప్రజలు ఆయనను మూసా రేమండ్ అనిరి. ముస్లిములు మూసా రహీం అనియు, హిందువులు మూసా రాం అనియు తమ నోటికి అనువుగా మార్చుకొనిరి. ఫ్రెంచివారి గౌరవవాచకమైన మొస్యూ అను మాటయే మన నోట మూసా యైనది. హైదరాబాదులో మూసారాంబాగు అను పేట పేరు నేటికిని వినబడుచున్నది. ఆ రాముడెవరో ఎరిగినవారు మాత్రము అరుదు.

రేమండ్ 1755 సెప్టెంబరులో ఫ్రాన్సు దేశమున గాస్కనీ ప్రాంతములోని సెరిన్యాక్ అను ఊర జన్మించెను. తండ్రి వర్తకుడు. కుమారుడును ఆ వృత్తినే చేపట్టి, 1775లో, ఇరువదేండ్ల ప్రాయమున, సరకులతో పుదుచ్చేరికి వచ్చి అంగడి పెట్టదలచెను. చరిత్రకారులు ఈ సంగతిని ఒక్క ముక్కలో చెప్పి దాటిపోవుదురు గాని, ఆయన తక్కిన జీవితమునకు కీలకమిచటనే యున్నది. దక్కనుకు వచ్చిన ఐరోపా సాహసికులలో పెక్కురు కత్తి పట్టుట తెలిసి లెక్క తెలియనివారు. రేమండ్ మొదట లెక్క నేర్చి, పిమ్మట కత్తి పట్టెను.

అంగడి సాగలేదు. రేమండ్ మైసూరు చేరి, హైదరాలీ కొలువులో షెవాలియే ద లాస్సే అను ఫ్రెంచివాని దళమున పనిచేసెను. 1783లో వృద్ధ సేనాని బుస్సీ రెండవమారు హిందూదేశమునకు రాగా, ఆయన యొద్ద చేరి యుద్ధతంత్రమును దగ్గరనుండి చూచెను. బుస్సీ యనగా తెలుగువారికి కొత్త పేరు కాదు. 1757 నాటి బొబ్బిలి యుద్ధముతో ముడిపడిన పేరు. 1785 జనవరిలో బుస్సీ పుదుచ్చేరిలో మరణించెను. అప్పటికి ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని సంధి జరిగి యుండెను. యుద్ధము లేనిచోట సైనికునకు బ్రతుకు లేదు. రేమండ్ హైదరాబాదు దారి పట్టి, రెండవ ఆసఫ్ జాహీ యైన నిజాం అలీఖాను కొలువులో చేరెను.

కొలువు దొరకినది గాని, తుపాకులు లేవు. రేమండ్ మూడువందల మందిని చేర్చుకొని, వారికి కావలసిన తుపాకులను తన దేశీయుడైన ఒక వర్తకుని యొద్ద అద్దెకు తీసికొనెను. అద్దె తుపాకి యొకటికి నెలకు ఎనిమిదణాలు. పిమ్మట పదునాలుగు వేలకు పెరిగి, కలకత్తాలోని గవర్నరు జనరలునకు నిద్ర లేకుండ జేసిన మహాసైన్యమునకు ఇదియే బీజము.

ఆ అర్ధరూపాయి లెక్క విద్యార్థులు ఒకసారి వేసి చూడదగినది. మూడువందల తుపాకులకు నెలకు నూటయేబది రూపాయలు; ఏడాదికి పదునెనిమిది వందలు. అదే కాలమున ఉత్తరాదిని మహాదజీ సింధియా కొలువులో, ద బోయిన్ సైన్యము కొరకు, సాంగ్‌స్టర్ అను స్కాట్లండు దేశస్థుడు ఆగ్రాలో కార్ఖానా పెట్టి, ఐరోపా తుపాకికి తీసిపోని కొత్త తుపాకిని పది రూపాయలకు తయారుచేయించెను. పది రూపాయలను ఎనిమిదణాల చొప్పున భాగించినచో ఇరువది నెలలగును. అనగా వాడిన పాత తుపాకిని ఇరువది నెలలు అద్దెకు తీసికొన్నవాడు కొత్త తుపాకి వెలను చెల్లించియును వట్టి చేతులతో మిగులును. వర్తకుని కుమారునికి ఈ లెక్క తెలియకుండునా? తెలిసియే తీసికొనెను. చేతిలో రొక్కము లేనివాడు ముందు బలము చూపవలెను. బలము చూపినగాని జాగీరు రాదు. జాగీరు వచ్చినగాని కార్ఖానా లేవదు.

పాత సైనిక తుపాకులను బేరమాడుట ఆ కాలమున పెద్ద వ్యాపారము. యుద్ధము ముగిసినప్పుడెల్ల, కొత్త నమూనా వచ్చినప్పుడెల్ల, వెనుకటి ఆయుధములు చేతులు మారి దేశాంతరములకు పోవుచుండెను. అమెరికా వలసలవారు ఇంగ్లండుపై తిరుగబడినప్పుడు, బోమార్షే అను ప్రసిద్ధ నాటకకర్త ఒక దొంగ వర్తకసంఘమును నెలకొల్పి, ఫ్రెంచి ఆయుధాగారములలో మూలబడిన పాత నమూనా తుపాకులను రహస్యముగా వారికి పంపెను. రేమండ్ పుదుచ్చేరిలో నున్న తొలి యేండ్లవియే ఆ రోజులు.

అట్టి తుపాకి చేతికి వచ్చినప్పుడు తెలిసినవాడు దానిని ఎట్లు గుర్తించును? ముందు ఇది వత్తి తుపాకియా, చెకుముకి తుపాకియా యని చూడవలెను. మన దేశమున నాడు వాడుకలో నున్నది వత్తి తుపాకి. సైనికుడు నిప్పుతో నున్న వత్తిని చేతబట్టుకొని తిరుగవలెను. వానవచ్చినచో అది చల్లారును. చీకటిలో శత్రువునకు కనబడును. చెకుముకి తుపాకిలో సుత్తి నోట కరచుకొన్న రాయి ఉక్కు పలకపై దెబ్బ తిని నిప్పురవ్వలు రాల్చగా, అవి రంజకపు గిన్నెలో పడి లోని మందును అంటించును. ఇదియే ఐరోపా దళముల తుపాకి. ఇందును ఫ్రెంచివారిది వేరు, ఆంగ్లేయులది వేరు. ఫ్రెంచి తుపాకి గొట్టమును కొయ్యకు బిగించునవి మూడు లోహపు పట్టీలు. ఆంగ్లేయుల తుపాకికి పట్టీలుండవు. కొయ్యలో నుండి అడ్డముగా దూర్చిన సన్నని చీలలతో గొట్టము నిలుచును. దూరమునుండియే పోల్చదగిన భేదమిది. దగ్గరకు తీసి చూచినచో, ఫ్రెంచి తుపాకి తాళపు పలకపై షార్ల్‌విల్, సెంతెతియెన్, మోబూజ్ అను మూడు రాజకీయ కార్ఖానాలలో ఒకదాని పేరు చెక్కియుండును. ఈస్టిండియా కంపెనీ తుపాకిపై హృదయాకారమైన ముద్రయు, అందు నాలుగు అక్షరములును ఉండును. 1808 నుండి కంపెనీవారు ఆ ముద్రను మాని, నిలుచున్న సింహపు గుర్తు వేసిరి. కావున సింహపు గుర్తు గల తుపాకిని రేమండ్ నాటిదని చెప్పుట చెల్లదు. దేశీయ కమ్మరులు చేసిన నకళ్ళలో ఐరోపా అక్షరములను ఆకారము చూచి చెక్కుటయే కాని చదివి చెక్కుట లేదు. అందుచేత అక్షరములు తారుమారగుట, అర్థము లేని గీతలగుట సాధారణము.

గొట్టపు వ్యాసము మరియొక గుర్తు. ఆంగ్లేయులది ఇంచుమించు ముప్పాతిక అంగుళము. ఫ్రెంచివారిది అంతకంటె సన్నము, అంగుళములో నూటికి అరువది తొమ్మిది పాళ్ళు. ఫ్రెంచి గుండు ఆంగ్లేయుల గొట్టములో వదులుగానైనను దిగును. ఆంగ్లేయుల గుండు ఫ్రెంచి గొట్టములో దిగదు. రెండు రకముల తుపాకులను కలగలిపి కొన్న దళపతికి యుద్ధభూమిలో కలుగు చిక్కు ఎట్టిదో ఊహింపవచ్చును.

ఇక వెల. ముద్ర ఎంత గొప్పదైనను పాత తుపాకి వెల దాని అరుగుదలను బట్టి యుండును. గొట్టమున మందు అంటుకొను రంధ్రము వాడుకచే పెద్దదైనచో పేలుడు బలము ప్రక్కకు పోవును. తాళములోని కమాను సడలినచో రాయి గట్టిగా తగులదు. ఉక్కు పలక అరిగినచో రవ్వలు రాలవు. తుడిచి తుడిచి గొట్టము పలుచనైనచో అది శత్రువునకంటె పట్టినవానికే ప్రమాదము. కొయ్య పగిలినను కొత్తది వేయవచ్చును గాని, గొట్టము చెడినచో ఆ తుపాకి ఇనుపతుక్కుతో సమానము. పైగా చెకుముకి రాయి రెండు మూడు పదుల దెబ్బలకు మొద్దుబారును. రాళ్ళు, మందు, సీసము, బాగుచేయు కమ్మరి, ఇవన్నియు వెంటనుండినప్పుడే తుపాకి తుపాకి యగును. అద్దెకు తెచ్చిన మూడువందలును రేమండునకు నేర్పిన పాఠమిదియే కావలెను. ఏలయన, పలుకుబడి చిక్కినంతనే ఆయన పూనుకొన్నది కార్ఖానాల స్థాపనకు.

హైదరాబాదులో ఫతేమైదానమునకు చేరువను తోప్‌కా సాంచా అను పేరుగల స్థలమొకటి కలదు. గన్‌ఫౌండ్రీ యని నగరవాసులు నేడు పిలుచు బస్తీ అదియే. అచట రేమండ్ ఆధ్వర్యమున ఫిరంగులు పోతపోసిరి. తుపాకులును, మందుగుండును సిద్ధమయ్యెను. అట్టి పనికి వలయు లోహవిద్య ఈ దేశమునకు కొత్తది కాదు. గోదావరి దక్షిణపు గట్టున, నిజామాబాదు సీమలోని కోనసముద్రమున కాచిన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారు. దమస్కు కరవాలమని లోకము కొనియాడిన దానికి ఇట్టి ఉక్కే మూలము. అందులకు వలయు ఇనుము మెట్‌పల్లి నుండియు, నిర్మల చెంతనున్న దిమ్మదుర్తి నుండియు పోయెడిది. కాని ఒక భేదమున్నది. కత్తికి మెచ్చిన కఠినపు టుక్కు తుపాకి గొట్టమునకు పనికిరాదు, అది పగులును. గొట్టమునకు మెత్తని ఇనుమును పలకగా సాగగొట్టి, కడ్డీచుట్టు చుట్టి, అంచులు అతుకవలెను. ఉక్కు వలసినది కమానునకును, రవ్వలు రాల్చు పలకకును. కత్తి కమ్మరి తుపాకి కమ్మరిగా మారుటకు నేర్వవలసినది తక్కువ కాదు.

రేమండ్ దళము 1792కు ముందే వేల సంఖ్యకు పెరిగి, టిప్పు సుల్తానుపై జరిగిన యుద్ధమున నిజాము పక్షమున నిలిచినది. 1795 మార్చిలో మరాఠాలతో ఖర్డా యొద్ద యుద్ధము సంభవించెను. అది నేటి మహారాష్ట్రములో అహమదునగరు సీమలోని గ్రామము. గవర్నరు జనరలు సర్ జాన్ షోర్ తటస్థుడై కంపెనీ పటాలములను పోరాడనీయలేదు. రేమండ్ పదాతులు నిలిచి పోరాడిరి. ఎదుట సింధియా పక్షమున నున్నదియు ఫ్రెంచి శిక్షణ పొందిన దళమే. దాని నాయకుడు పెర్రన్. ఇంతలో నిజాము తన పరివారముతో వెనుదిరిగి ఖర్డా కోటలో దూరెను. రేమండ్ దళము కూడ వెనుకకు తగ్గక తప్పలేదు. కోట ముట్టడిపాలై, నిజాము దౌలతాబాదును, విశాలమైన భూభాగమును, కోట్ల రొక్కమును ఒప్పుకొని, మంత్రి అరస్తూజాహును మరాఠాలకు బందీగా అప్పగింపవలసి వచ్చెను.

ఓటమిలోను రేమండ్ విలువ పెరుగుట విచిత్రము. ఆదుకొనని ఆంగ్లేయులపై నిజామునకు ఆగ్రహము కలిగి, వారి రెండు పటాలములను పంపివేసి, ఫ్రెంచి దళమును పెంచెను. ఆ యేడే పెద్ద కుమారుడు అలీజాహు తండ్రిపై తిరుగబడి బీదరు చేరగా, రేమండ్ వెన్నంటి పట్టుకొనెను. తండ్రి మొగము చూడజాలక ఆ రాజకుమారుడు దారిలోనే విషము త్రాగి మరణించెను. ఈ తిరుగుబాటు భయమున నిజాము ఆంగ్లేయ పటాలములను తిరిగి పిలిచెను గాని, రేమండ్ ప్రాభవము తగ్గలేదు. దళము పదునాలుగు వేలకు చేరెను. జీతములకై భూముల ఆదాయము కేటాయింపబడెను. ఫ్రాన్సులో రాజు తల తెగి గణరాజ్యము వెలసినది కదా. ఆ విప్లవపు త్రివర్ణపతాకమే మూసీతీరమున ఈ దళమునకు ధ్వజమైనది. నిజాము వంటి నిరంకుశుని కొలువులో రాజులను కూలద్రోసిన జెండా ఎగురుట కంటె వింత యేముండును?

1798 మార్చి 25వ తేదీన రేమండ్ మరణించెను. నలువది మూడేండ్లు నిండలేదు. విషప్రయోగమను వదంతి అప్పుడును ఉండెను, ఇప్పుడును ఉన్నది. రెండు నెలలలోనే వెల్లస్లీ గవర్నరు జనరలుగా బాధ్యత స్వీకరించెను. జూలైలో నెపోలియను ఈజిప్టున దిగెను. హైదరాబాదులోని ఫ్రెంచి దళము టిప్పుతో కలియునేమో యను భయము ఆంగ్లేయులను దహించుచుండెను. సెప్టెంబరు 1వ తేదీన నిజాముతో సంధి కుదిరినది: ఫ్రెంచి దళము రద్దు, కంపెనీ పటాలముల పెంపు, వాని ఖర్చు నిజాముది. గుంటూరు ప్రాంతమున సిద్ధపరచిన కంపెనీ సేన కర్నలు రాబర్ట్సు నాయకత్వమున అక్టోబరులో హైదరాబాదు చేరెను.

రేమండ్ వారసుడు పిరన్. నాయకునిలో తెగువ కలదు గాని, రేమండునకు గల ఆకర్షణ లేదు. అంతకంటె ముఖ్యమైన లోపము వేరొకటి కలదు: సిపాయిలకు జీతములు బాకీపడి యుండెను. దళము రద్దను ఆజ్ఞ వినబడగనే వారు తమ అధికారులనే నిర్బంధించిరి. రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్, ఆయన సహాయకుడు జాన్ మాల్కం ఈ కలతను చక్కగా వాడుకొనిరి. అక్టోబరు 22 ఉదయమున కంపెనీ సేన దండును చుట్టుముట్టెను. బాకీ జీతము లిప్పింతుము, నిజాము కొలువును నిలుపుదుమని మాల్కం మాట ఇచ్చెను. వేలకొలది సిపాయిలు తుపాకులను కుప్పలు పోసి వెలుపలికి నడచిరి. ఒక్క గుండు పేలలేదు. నూరుమందికి పైగా ఫ్రెంచి అధికారులు బందీలై ఓడలెక్కిరి.

ఎనిమిదణాల అద్దెతో మొదలైన దళమునకు ఆనాటి కార్ఖానా ఉండెను, ఫిరంగులుండెను, కమ్మరులుండిరి. నెల జీతము లేదు. రేమండ్ బ్రతికియుండినచో ఆ బాకీ పెరుగనిచ్చెడివాడా యనుట అనుమానమే. లెక్క తప్పుట ఆయన స్వభావము కాదు. పిదప ఆ సిపాయిలలో కొందరు 1799లో మాల్కం చేతిక్రిందనే శ్రీరంగపట్టణము మీదికి నడచిరి. టిప్పు రాజ్యము ముగిసినది. నిజాము రాజ్యము కంపెనీ నీడలోనికి పోయి, 1947 వరకు ఆంగ్లేయ ప్రాబల్యమున నిలిచినది.

రేమండ్ సమాధి హైదరాబాదులో ఆస్మాన్‌గఢ్ దిక్కున ఒక గుట్టపై నున్నది. నల్లని రాతి స్తంభము ఆకాశమునకు కోణముగా లేచియుండును. దానిపై పొడి అక్షరములు రెండు తప్ప ప్రశస్తి శాసనము లేదు. చెంత యవన శిల్పరీతిలో కట్టిన మండపము కలదు. అది ఈ శతాబ్ది తొలి యేండ్లలో వానలకు కూలగా మరల నిలిపిరి. ఆయన మరణించిన మార్చి నెలలో ఇరువదవ శతాబ్ది నడుమ దాదాపు వరకు ప్రజలు అచట ఉర్సు జరుపుచుండిరి. దీపములు పెట్టి, ఊదువత్తులు వెలిగించి, కొబ్బరికాయలు కొట్టి మ్రొక్కిన వారిలో ఇరుమతముల వారును ఉండిరి.